అక్క విప్పి కుట్టిన పుస్తకం

మా అక్కని గ్రంథాలయంలో అందరూ స్కేలమ్మ అంటారు. ఆ పేరు మొదట పెట్టిన వెధవని నేనే. చచ్చినా వంగదని చిన్నప్పుడు వెక్కిరింతగా పెట్టాను. ఇప్పుడు అక్కడి వాళ్ళు అదే పేరుతో ఎంతో మర్యాదగా పిలుస్తుంటే నాకు సిగ్గేస్తుంది. దానికి తోడు, పోయిన ఏడాది ఆమె కాపురం విడిపోయే దాకా వచ్చి, ఆమె చేతుల మీదే నిలబడింది. ఆ సంగతి రాసి పెట్టడం నా బాధ్యత అనిపించింది.

అక్క బైండరు. గ్రంథాలయం నేలమాళిగలో ఆమె గది. ఒక పొడుగాటి బల్ల, కుట్టిన పుస్తకాల్ని బిగించి అదిమే ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నె, గోడ మేకులకి దారపు ఉండలు. పదమూడేళ్ళుగా పై అంతస్తుల నుంచి చిరిగిన పుస్తకాలు ఆ గదిలోకి దిగుతాయి, అట్ట కట్టుకుని మళ్ళీ పైకెక్కుతాయి. ఆమె కుట్టిన పుస్తకం ఎక్కడ తెరిస్తే అక్కడే చక్కగా పరుచుకుని ఉంటుంది, దానంతట అది మూసుకోదు. మీ దగ్గర అలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

మనుషుల దగ్గరే చిక్కు. ఎవరైనా "బాగున్నారా?" అంటే కాసేపు నిజంగా ఆలోచించి, "మెడ నొప్పిగా ఉంది. మిగతాది బాగుంది" అంటుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు, "మొగుణ్ణి మీరు అనాలమ్మా" అని బుద్ధి చెప్పబోతే, "ఒక్క మనిషే కదండీ, బహువచనం దేనికి?" అంది. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మా బావ లిఫ్టు మెకానిక్కు. మాటల పుట్ట. ఏ లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో, లోపలినుంచి ఏమని అరిచారో, గొంతులు మార్చి మార్చి చెప్పేవాడు. ఒక్కోసారి అక్క పనినుంచి వచ్చి చెప్పులు విప్పక ముందే మొదలుపెట్టేవాడు. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. తరవాత బయటికొచ్చి కూర్చుని విన్నా, మొహంలో చిన్న కదలిక కూడా ఉండేది కాదు. "గోడకి చెప్పుకున్నా కాస్త సున్నం రాలుస్తుందిరా బామ్మర్దీ" అని నా దగ్గర వాపోయేవాడు. ఎనిమిదేళ్ళు ఇలాగే గడిచాయి.

పోయిన ఏడాది, ఎవరూ చదవడం లేదని తీసేసిన పుస్తకాల పెట్టె ఒకటి కిందికి దిగింది. పనికొచ్చే అట్టలు ఊడదీసుకుని మిగతావి పారేయాలి. అందులో ఒకటి ఆటిజం ఉన్న ఆడవాళ్ళూ, వాళ్ళతో కాపురం చేసేవాళ్ళూ ఒకరినొకరు ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పుస్తకం. అక్క అట్ట ఊడదీయబోతూ మొదటి పేజీ చదివింది. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయలేదు.

"ఎవరో నన్నడక్కుండా నా గురించి రాసేశారు" అంది ఆ సాయంత్రం.

డాక్టరు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, ముప్పై ఏడో ఏట ఆటిజం అని రాసిన కాగితం తెచ్చుకుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కనే తచ్చాడాను. "దీనికి పేరుందన్నమాట" అని, ఆ కాగితానికి నీలం గుడ్డతో ఒక ఫైలు కుట్టుకుంది. అంతే.

అసలు తప్పు ఇక్కడ జరిగింది. ఆ పుస్తకంలో రెండు భాగాలు. మొదటిది ఆమె కోసం, రెండోది భాగస్వామి కోసం. ఏ భాగానికి ఆ భాగం ముందు, ఇది ఎవరికోసమో స్పష్టంగా అచ్చేశారు. ఇంకెవరైనా అయితే మొత్తం చదివి మొగుడి చేతిలో పెడతారు. మా అక్క బైండరు కదా, దారం కోసి పుస్తకాన్ని రెండు చేసింది. రెండింటికీ అట్టలు వేసి, తనది తను ఉంచుకుని బావది బావకిచ్చింది. ఆయన భాగం వైపు కన్నెత్తి చూడలేదు. బావ కూడా, "మీ అక్క నాకంటూ ఒక పుస్తకం కుట్టిందిరా!" అని మురిసిపోయి, తన సగాన్ని పరీక్షకి చదివినట్టు చదివాడు.

మూడు వారాలు దాటాక ఒక మంగళవారం సాయంత్రం భోజనానికి వెళ్ళాను.

"ఈ రోజు నీ పని ఎలా జరిగింది?" అని అక్క బావని అడిగింది.

బావ నవ్వి తలూపాడు. ప్లేటు కడిగి, బాల్కనీలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు. నేను నోట్లో ముద్ద మింగడం మరిచిపోయాను.

"ఇరవై రెండు రోజులుగా ఇంతే" అంది అక్క. "రోజూ అడగమని నా పుస్తకంలో ఉంది. అడుగుతున్నాను. తను జవాబు చెప్పడు. వేరే ఊళ్ళో రెండేళ్ళ పని ఉందట. వెళ్తాడో లేదో శుక్రవారం పన్నెండింటికల్లా కంపెనీకి చెప్పాలట. నన్ను వదిలేస్తున్నాడు."

గొంతులో తేడా ఏమీ లేదు. వేళ్ళు మాత్రం బల్ల మీద గుడ్డ అంచుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాయి.

నేను బాల్కనీ తలుపు తోసుకుని వెళ్ళాను. "ఏం బావా, మాటలు అయిపోయాయా?"

"నెమ్మదిరా! లోపల మీ అక్క ఉంది."

"ఉంటే?"

"తనకి నిశ్శబ్దం కావాలి." పనిముట్ల సంచిలోంచి తన సగం పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఆరో అధ్యాయం. మీ మాటలు ఆమెకి బరువు కావచ్చునట. ఎనిమిదేళ్ళు నా వాగుడుతో ఆ పిల్లని చంపుకు తిన్నానురా. నేను దూరంగా ఉంటేనే సుఖపడుతుంది."

"ఈ మాట అక్కతో అన్నావా?"

"అంటే మళ్ళీ మాట్లాడినట్టే కదరా!"

ఇంకొకరి మొగుడైతే ఒక్కటిచ్చేవాణ్ణి. లోపలికొచ్చి అక్కని అడిగాను: "బావ పుస్తకం చదివావా?"

"అది నాకోసం రాసింది కాదు."

"కుట్టింది నువ్వేగా!"

"పేజీల అంకెలు చూసి కుట్టాను."

"పోయి చదువు."

"తనని అడగాలి."

నేనే తల బయటపెట్టి, "బావా, అక్క నీ పుస్తకం చదవొచ్చా?" అని అరిచాను. తలూపాడు. అప్పుడు కూడా నోరు తెరవలేదు మహానుభావుడు.

మర్నాడు మధ్యాహ్నం నేలమాళిగకి వెళ్ళేసరికి రెండు పుస్తకాలూ బల్ల మీద విడి కాగితాలై ఉన్నాయి.

"తప్పు నాది" అంది అక్క, తలెత్తకుండా. "తన ఆరో అధ్యాయం చివర, దీన్ని ఆమె భాగంలోని ఆరో అధ్యాయంతో కలిపి చదవండి అని ఉంది. ఎంతసేపు నిశ్శబ్దం కావాలో మీరే చెప్పండి అని నా దాంట్లో ఉంది. తను అడిగితే చెబుదామనుకున్నాను. కలిపి చదవాల్సినవాటిని నేను కోసేశాను."

ఇప్పుడు తన అధ్యాయం పక్కన ఆయన అధ్యాయం, రెండింటి మధ్యా దళసరి తెల్లకాగితాలు వచ్చేలా వరస పెడుతోంది. మడతల దగ్గర తెగిన ప్రతి కాగితానికీ సన్నటి పట్టీ అంటించి, జతకట్టి, మళ్ళీ మడవాలి. నాకైతే పది నిమిషాల్లో పిచ్చెక్కేది. కాలేజీ పుస్తకాలనే మధ్యలో విసిరికొట్టిన బాపతు నేను. ఆమె గురువారం సాయంత్రం దాకా, మిగతా పనికి ఒక్క పూట కూడా ఆలస్యం కానివ్వకుండా, విరామం దొరికినప్పుడల్లా అదే చేసింది. తెల్లకాగితాల మీద ఏదో రాసింది. కుట్టి, వీపుకి జిగురు పూసి, ప్రెస్సులో పెట్టి బిగించింది.

నాకు ఓపిక చచ్చింది. "రేపు పన్నెండింటికి గడువు! నోటితో చెప్పేయొచ్చు కదక్కా!"

"నోటితో అయితే సగమే చెబుతాను. మిగతా సగం తను ఊహించుకుంటాడు. ఎనిమిదేళ్ళూ అదే చేశాం."

"పోనీ ఇప్పుడే తీసి ఇచ్చెయ్."

"జిగురు ఆరలేదు. ఇప్పుడు తీస్తే నాలుగుసార్లు తెరిచేసరికి వీపు విరుగుతుంది. దీన్ని చాలాసార్లు తెరవాలి."

నేను బండి తీసుకుని ఇంటికి పోయాను.

శుక్రవారం పదిన్నరకి ప్రెస్సు మర తిప్పింది. మూడు చోట్ల తెరిచి చూసి, గుడ్డలో చుట్టి, నా బండెక్కింది. బావ పనిచేస్తున్న భవనంలో మరమ్మతులు జరుగుతున్నాయి. లిఫ్టు ఆపేసింది ఆయనే కాబట్టి పదకొండు అంతస్తులూ మెట్లే గతి. ప్రతి అంతస్తులో డ్రిల్లు గోడని తొలుస్తోంది. పక్కింట్లో మిక్సీ తిరిగితేనే అక్క పళ్ళు బిగబడతాయి. పుస్తకం చంకలో ఇరికించుకుని, రెండు అరచేతులతో చెవులు మూసుకుని ఎక్కుతోంది. ఏడో అంతస్తు దగ్గర మొహం పాలిపోయింది.

"వెనక్కి పోదామా?" అని సైగ చేశాను.

"ఇంకా నాలుగే" అంది.

పైన లిఫ్టు మోటారు గదిలో బావ మోచేతుల దాకా గ్రీజుతో ఉన్నాడు. అక్కని చూసి బెదిరిపోయి, ఆ రొదలో కూడా గుసగుసగా, "ఇక్కడికెందుకొచ్చావే!" అన్నాడు.

"చేతులు తుడుచుకో."

తుడుచుకున్నాడు. ఆమె ఆరో అధ్యాయం దగ్గర తెరిచి చేతికిచ్చింది. ఎడమవైపు ఆమెది, కుడివైపు ఆయనది, మధ్యలో తెల్లకాగితం మీద అక్క గుండ్రటి దస్తూరీ:

"పని నుంచి వచ్చాక నలభై నిమిషాలు నాకు మాటలు వద్దు. ఆ తరవాత కావాలి. నువ్వు చెప్పే లిఫ్టు కథలు నాకు ఇష్టం. నా మొహంలో అది కనిపించదని నీ భాగం చదివాకే తెలిసింది. అన్నీ గుర్తున్నాయి, వరసగా చెప్పగలను. ఇరవై నాలుగు రోజులుగా కొత్తది లేదు. ఆ ఊరు వెళ్ళొద్దు."

బావ రెండుసార్లు చదివాడు. "వరసగానా?"

"మొదటిది, సూట్‌కేసు ఆయన, అయిదో అంతస్తు. రెండోది, కవలలు. ఒకడు లోపల, ఒకడు బయట."

బావ పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. చేతిలో ఉన్న గ్రీజు గుడ్డతోనే కళ్ళు ఒత్తుకున్నాడు. "మరి ఒక్కసారన్నా నవ్వొచ్చు కదే!"

"నవ్వాను. లోపల."

అప్పుడే ఫోను మోగింది. సూపర్‌వైజరు. "లేదు సార్, నేను వెళ్ళను" అన్నాడు బావ, ఎప్పటి పెద్ద గొంతుతో. "ఇంట్లో పనుంది సార్... ఏమో సార్, రెండేళ్ళలో తేలేది కాదు."

ఫోను పక్కన పడేసి, "పెన్సిలుందా?" అన్నాడు. అక్క సంచిలోంచి తీసిచ్చింది. తెల్లకాగితం రెండోవైపు తిప్పి, గ్రీజు అంటకుండా మోచెయ్యి గాల్లో పెట్టి రాయడం మొదలుపెట్టాడు. అక్క వంగి చూడబోతే చేతిని అడ్డం పెట్టాడు. "ఆగు, నాకు చెప్పాల్సింది చాలా ఉంది."

అక్క మెట్టు మీద కూర్చుని, చెవులు మూసుకుని, ఆయన రాయడం అయ్యేదాకా కదలకుండా చూసింది. రెండో కాగితం కూడా అయిపోవచ్చింది. నేను కిందికి దిగిపోయాను.