మామ్మను కూర్చోబెట్టిన పరువు

మా ముత్తాతగారు గోదావరి లంకల్లో భూములున్న కామందు. మా తాతయ్యగారు మునసబు. ఆయన వీధిలోంచి వెళుతుంటే అరుగుల మీద మగవాళ్ళు లేచి నిలబడేవారు. నా చిన్నప్పటికి ఆ లంకలు సగం నదిలోను, సగం దావాల్లోను పోయాయి గాని, కొత్తపేట వైపు మా లోగిలి అంటే ఇంకా గౌరవమే. ఆ గౌరవమే మా మామ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. మా ఇంటిని తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. మొన్న అమలాపురంలో ఒక కుర్ర డాక్టరు, ఇప్పుడు మామ్మ వయసుకు వచ్చిన నా ముఖం చూడకుండా బరువు మిషను మాత్రం చూసి, "తిండి తగ్గించండి మామ్మగారూ" అన్నాడు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఏం మాత్రలు వేసుకుంటున్నారు, ఇంట్లో మీతో మాట్లాడేవారున్నారా, ఒక్కటీ అడగలేదు. ఆ కోపంతో రాస్తున్నాను.

తాతయ్యగారు ఉన్నంతకాలం మామ్మ తెల్లవారకముందే లేచి, వంటింటి ముందున్న టేకు స్తంభానికి కవ్వం కట్టి, నిలబడి మజ్జిగ చిలికేది. పెరట్లో కూరపాదులన్నీ ఆవిడ చేతి మీదే పెరిగేవి. ఆయన పోయాక మా పెదనాన్నగారు ఆవిడ చేతిలోని కవ్వం అందుకున్నారు. "మేం బతికుండగా నువ్వు పని చేస్తే ఊరు మా ముఖాన ఉమ్మేస్తుందమ్మా. హాయిగా కూర్చో" అన్నారు. వసారాలో పడక కుర్చీ వేయించారు. ఇక చెంబు ఎత్తితే ఒక కోడలు అందుకునేది. లేచి నిలబడితే ఇంకో కోడలు పరుగెత్తి వచ్చేది.

భర్త పోయిన ఆడమనిషి రాత్రి అన్నం ముట్టకూడదని మా ఇంటి ఆచారం. పేరుకు ఉపవాసమే. ఎదురుగా మాత్రం నేతిలో కాల్చిన దిబ్బరొట్టి, పక్కన బెల్లం పానకం. చూడడానికి వచ్చినవాళ్ళు కాజాలో పూతరేకులో తెచ్చేవారు. వాళ్ళ ఎదుటే ఒకటి నోట్లో వేసుకోకపోతే అవమానించినట్టు. పగలంతా కుర్చీలో కునికే మనిషికి రాత్రి నిద్ర ఎక్కడిది? తాతయ్యగారి ఖాళీ మంచం చూస్తూ కూర్చునేదని ఆ గదిలోనే పడుకునే నాకు తెలుసు. ఒళ్ళు పెరిగింది, మోకాళ్ళు వాచాయి. వాచాయని నడక మానేసింది, మానేసిందని ఒళ్ళు ఇంకా పెరిగింది.

ఒకసారి మా పెద్దమ్మగారి తమ్ముడు వచ్చి, "మీ అత్తగారిని చూస్తే చాలక్కా, ఈ ఇంట్లో నేతికి కరువు లేదని తెలిసిపోతుంది, ఆయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. పెదనాన్నగారు మీసం సర్దుకున్నారు. ఆయనకు అది పొగడ్త. మామ్మ పమిట నిండా కప్పుకుని గోడవైపు తిరిగింది.

అలాంటి రోజుల్లో, గోదావరి అవతలి లంకలో మామ్మ చెల్లెలు మంచం పట్టిందని కబురు వచ్చింది. "ఒక్కసారి దాన్ని చూపించండ్రా" అని మామ్మ కొడుకులను బతిమాలింది. పెదనాన్నగారు ఒప్పుకోలేదు. గట్టు దిగి పడవ ఎక్కాలి, ఆవిడ నడవలేదు, నలుగురు కుర్చీతో మోస్తే రేవంతా నవ్వుతుంది. నిన్నటిదాకా ఇంటికి పరువైన ఒళ్ళు ఆ రోజు పరువు తక్కువ అయిపోయింది. "అలా తిని కూర్చుంటే ఎలా నడుస్తావమ్మా?" అని కూడా అన్నారు. కూర్చోబెట్టినవారే అన్నారు!

రాజోలు నుంచి మా మేనత్త వచ్చింది. సంగతంతా విని, అన్నగారితో వాదించలేదు. అందరూ భోజనాల దగ్గర ఉండగా తీరిగ్గా చెప్పింది.

"పిన్ని కోసం మొక్కుకున్నానండి అన్నయ్యా. అమ్మ నిలబడి, తన చేత్తో చిలికిన వెన్న రోజూ మన కృష్ణుడికి పెట్టాలి. పాదులకి నీళ్ళూ అమ్మే పొయ్యాలి. మొక్కు తీరేదాకా అమ్మ తీపి ముట్టకూడదు, రాత్రికి పళ్ళూ పాలే."

పెదనాన్నగారి చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. "అమ్మ చేత చిలికిస్తావా?"

"దేవుడికిచ్చిన మాట వెనక్కి తీసుకోమంటారా? పిన్నికేమన్నా అయితే మీరు పూచీనా?"

మర్నాడే కవ్వం మళ్ళీ స్తంభమెక్కింది. మొదటి రోజు మామ్మ కాసేపు తాడు లాగి, మోకాళ్ళ నొప్పికి ఏడుస్తూ కూలబడింది. అత్త పని అందుకోలేదు. పక్కన చేరి, "నువ్వూ పిన్నీ చిన్నప్పుడు కాలవలో ఈదేరట కదే, ఎలా ఈదేరో చెప్పు" అంది. చెబుతూ చెబుతూ మామ్మ లేచి నిలబడింది. ఆ తరువాత రోజూ కబుర్లతోనే చిలికింది. అతిథుల పూతరేకులు ఇంట్లో పిల్లల పాలయ్యాయి. రాత్రిళ్ళు ఆ గదిలో మామ్మ గురక వినబడసాగింది.

ఆవిడ చిక్కిపోయిందని అబద్ధం రాయను. ఒళ్ళు కొద్దిగా తీసింది, అంతే. కాని కొన్ని నెలలకు ఒకరోజు పొద్దున్నే చెల్లెల్ని చూడడానికి బయలుదేరింది. దారిలో కూలబడితే ఊరు ఇంకా నవ్వుతుందని పెదనాన్నగారే కుర్చీని, మోసే మనుషులను సిద్ధం చేశారు. "నువ్వు కూర్చో నాయనా దాన్లో, అలిసిపోయేవు" అని మామ్మ ఒక చెయ్యి అత్త భుజం మీద, ఒక చెయ్యి నా తల మీద ఆనించి, ఆగి ఆగి గట్టు దిగింది. రేవులో ఒక్కరూ నవ్వలేదు.

అవతలి ఒడ్డున చెల్లెలు మంచంలోంచే, "ఎవరు మోసుకొచ్చేరే అక్కా?" అంది.

"నా కాళ్ళేనే" అంది మామ్మ, మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని.

తిరుగు పడవలో నేను, ఏ గుళ్ళో మొక్కుకున్నావని అత్తను అడిగాను. "ఏ గుళ్ళోనూ లేదే పిచ్చి పిల్లా. మీ పెదనాన్నగారు దేవుడి మాట వింటారు గాని ఆడదాని మాట వింటారా?" అంది. మామ్మ విననట్టే నీళ్ళ వైపు చూసింది.

నా కోడలు మంచి పిల్ల. "మీరు కూర్చోండత్తయ్యగారూ" అని నా చేతిలో గ్లాసు లాక్కోబోతుంది. నేను ఇవ్వను. నా కంచం నేనే కడుక్కుంటాను, మేడ మీద మొక్కలకు నేనే నీళ్ళు పోస్తాను. ఒళ్ళున్న ముసలివాళ్ళంతా తిండిపోతులని తీర్పు చెప్పేవారు, ముందు ఆ మనిషి చేతిలోంచి ఏమేం లాక్కున్నారో చెప్పి, ఆ పైన నీతులు చెప్పాలి.

మా లోగిలి విప్పినప్పుడు టేకు సామానంతా హోటలు కట్టుకునే ఒకాయనకు అమ్మేశాం. మా నాన్నగారికి మగపిల్లలు లేరు కనుక ఆయన వాటాకు సంతకం నేనే పెట్టాను. కవ్వం తాడు ఒరిసి గాడి పడిన స్తంభం కూడా ఆ లారీలోనే వెళ్ళింది.