ముప్ఫై నాలుగో గొంతు

పెళ్ళిచూపులకెళ్ళి, వాళ్ళు పెట్టిన పూతరేకులు తింటూ, వాళ్ళింటి గుట్టు వాళ్ళకే రట్టు చేసొచ్చిన మహానుభావుణ్ణి నేనేనండి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

అప్పట్లో నాకో పిచ్చుండేది. అమెరికావాళ్ళ పాత రాక్ అండ్ రోల్ పాట ఒకటి, మూడు నిమిషాలుంటుంది. దాన్ని లోకంలో ఎవరెవరు తిరిగి పాడారో వెతికి ఫోన్లో పోగేసేవాణ్ణి. జపానువాళ్ళు పాడింది, బడిపిల్లలు పాడింది, బ్యాండువాళ్ళు బూరలతో ఊదింది, మొత్తం ముప్ఫై మూడు కవర్ వెర్షన్లు. "అన్నీ ఒకటే పాట కదరా" అంది మా అమ్మ. అంతే, నిడదవోలులో మా వంటింట్లో గంటన్నర ఉపన్యాసమిచ్చాను. ఒక్క ఊపిరి వింటే పాడిందెవరో చెప్పేస్తానని నా గొప్ప. పప్పు మాడింది గానీ ఆవిడ మారలేదు.

ఆ గొప్పతోనే మొగల్తూరు దగ్గర ఒక ఊరికి వెళ్ళాం, అమ్మా నేనూ. అమ్మాయి పేరు సుధ. వాళ్ళమ్మ పాడమంటే ఓ కీర్తన పాడింది. ప్రతి లైను చివరా ఊపిరి గుటుక్కున మింగుతుంది. ఆ మింగడం నాకు తెగ నచ్చేసింది. ఈ సంబంధం ఎలాగైనా కుదరాలని అక్కడికక్కడే మొక్కేసుకున్నాను.

వాళ్ళ నాన్నగారు రొయ్యల చెరువుల ఆసామి. "హాబీలేంటి బాబూ?" అన్నారు. అడక్కపోయినా బాగుండేది. ఫోను తీసి అసలు పాట పెట్టాను. నాలుగు క్షణాలు కాలేదు, ఆయన గ్లాసు కింద పెట్టేశారు. వాళ్ళావిడ లోపలికెళ్ళిపోయింది. సుధ తల దించుకుంది. సిగ్గనుకున్నాను.

సంగతేంటో ఆయనే చెప్పారు. కిందటిసారి సర్పంచికి నిలబడ్డారట. అవతలివాళ్ళు సరిగ్గా ఇదే ట్యూనులో "సభలో కునికే సామి, లేస్తే ఇచ్చే హామీ" అని పాట చేయించి, ఆటోకి మైకు కట్టి, పదిహేను రోజులు ఆయన గుమ్మం ముందే తిప్పారట. ఊళ్ళో పిల్లలకి కూడా నోటికొచ్చేసిందట. ఆయన ఓడిపోయారు.

బుద్ధున్నవాడైతే ఫోను జేబులో పెట్టుకుని ఇంకో పూతరేకు తీసుకుంటాడు. నాకేమో ముప్ఫై నాలుగో వెర్షన్ దొరికిందన్న సంబరం. నా లెక్కలో ఇది ముప్ఫై నాలుగోదండి, రికార్డింగేమైనా ఉందా అనడిగాను. అమ్మ నా కాలు తొక్కింది. ఉందన్నారాయన. పాడిందెవరో తేల్చి నిలదీద్దామని దాచారట. "ఎవరో స్టూడియో ఆర్టిస్టు బాబూ" అంటూ ప్లే చేశారు.

కళ్ళు మూసుకుని విన్నాను. రెండో లైను చివర గుటుక్కుమంది.

"స్టూడియో ఆర్టిస్టేంటండీ," అన్నాను, చప్పట్లకి సిద్ధమైపోయి. "ఇది మన సుధగారే కదా."

కన్నతండ్రి పోల్చుకోలేదా అంటారా? ఆ పాటలో ఆయనకి వినిపించింది తన పరువొక్కటే. ఆయన పాట ఆపేసి సుధ వైపు తిరిగారు. నా సంబంధం నా నోటితోనే చెడగొట్టుకున్నానని అప్పటికి తెలిసొచ్చి, ఏడుపొచ్చినంత పనైంది.

సుధ తలెత్తింది. "నేనే నాన్నా. ప్రచారం జరిగిన నెల్లాళ్ళూ అమ్మ నీ మనుషులకి బిందెలకొద్దీ టీ కాచింది. గెలిస్తే అయిదేళ్ళు కాయాలి. నిలబడొద్దంటే విన్నావా? అందుకే నేనే వెళ్ళి పాడొచ్చాను."

ఆయన వంటింటి గుమ్మం వైపు చూశారు. వాళ్ళావిడ అక్కడే నిలబడి, అవునన్నట్టు తలూపింది. ఆయన నావైపు తిరిగారు.

"ఎన్నోదన్నారు ఇది?"

"ముప్ఫై నాలుగోదండి."

"అన్నింట్లోకీ ఎలా ఉంది?"

"ఒట్టేసి చెబుతున్నానండి, అసలుకన్నా బాగుంది."

ఆయన మీసం సవరించుకున్నారు. "అదీ. మామూలు పాటకైతే నేను ఓడిపోయేవాణ్ణి కాదు."

ముహూర్తం మాత్రం ఆ వారమే పెట్టించేశారు. వచ్చే ఎన్నికల్లోపు ఆ గొంతు ఊరు దాటెయ్యాలిగా.

ఇప్పుడు మా ఇంట్లో ముప్ఫై అయిదోది నడుస్తోంది. తాగిన కాఫీ గ్లాసు తాగినచోటే వదిలేసే మొగుడి మీద. డాబా మీద బట్టలారేస్తూ పాడుతుంది, వీధంతా వింటుంది. ఇంక బతికుండగా ఎవరి గొంతూ గుర్తుపట్టనని గోదారి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నానండి. మొన్న ఎదురింటాయన ఆపి, "ఆ పాడేది మీ ఆవిడేనా అండి?" అనడిగారు.

"కాదండి," అన్నాను. "ఎవరో స్టూడియో ఆర్టిస్టు."