ఎస్తేరమ్మ పదకొండు రోజుల సెలవు

1959లో గూడూరు దగ్గరి ఒక అభ్రకం ఫ్యాక్టరీలో నేను టైమ్‌కీపర్‌ని. గనుల నుంచి వచ్చిన అభ్రకం దిమ్మలను చిన్న కత్తులతో పొరలు పొరలుగా చీల్చడం అక్కడి పని. పొడుగాటి షెడ్డులో వందకు పైగా ఆడవాళ్ళు పీటలు వేసుకుని కూర్చునేవారు. గేటు దగ్గర ఉండి వచ్చినవాళ్ళకు మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, టిక్కు పెట్టడం నా ఉద్యోగం. వాళ్ళు నన్ను టైమయ్యా అని పిలిచేవారు. మా నాన్న పెట్టిన పేరు ఆ గేటు లోపల ఎవరికీ అక్కర్లేదు.

ఆ ఏడాది మొదట్లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు మా మేనేజరుకు గట్టిగా ఒక నోటీసు ఇచ్చి వెళ్ళాడు. చట్టం వచ్చి పదేళ్ళు దాటినా మా దగ్గర జీతంతో కూడిన సెలవు ఎవరికీ ఇవ్వడం లేదని. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసినవాళ్ళకు మరుసటి ఏడు ప్రతి ఇరవై రోజులకూ ఒక రోజు చొప్పున సెలవు రావాలి. దీన్ని లీవ్ విత్ వేజెస్ అంటారు. మనిషికో లీవ్ బుక్ రాయమని మేనేజరు నా మీద పడేశాడు. నెల రోజులు నా కళ్ళు పోయాయి.

తీరా రాసి చేతికిస్తే ఒక్కరూ సంతోషించలేదు. పని చెయ్యకుండా కూలి ఇస్తున్నారంటే వెనకాల ఏదో మడత పేచీ ఉందనుకున్నారు. అదే వారం సరుకు చూడడానికి లండన్ నుంచి ఒక దొర వచ్చాడు. నాకు నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చు గనుక వెంట తిరుగుతున్నాను. ఆయన దేశంలో ఎట్లాగో అడగమన్నారు ఆడవాళ్ళు. తమ దేశంలో చాలామంది కార్మికులకు రెండు వారాలనీ, ఫ్రాన్స్‌లో చట్టం ప్రకారం మూడు వారాలనీ, అమెరికాలో అసలు చట్టమే లేదు, కంపెనీ దయ అనీ చెప్పాడు. వచ్చే నెల తనూ సెలవు మీద వెళుతున్నాడట.

కిటికీ పక్కన కూర్చునే ఎస్తేరమ్మ కత్తి కింద పెట్టి అడిగింది. "మూడు వారాలు పోయి వస్తే, ఆయన చోటు ఆయనకే ఉంటదా? అది అడుగు టైమయ్యా."

నేను రెండుసార్లు తిప్పి తిప్పి అడిగినా దొరకు ప్రశ్న అర్థం కాలేదు. చివరికి, "నా చోటు ఇంకెవరిది అవుతుంది?" అన్నాడు. నేను తెలుగులో చెప్పగానే షెడ్డంతా నవ్వింది.

ఆ నవ్వు ఎందుకో చెప్పాలి. అభ్రకం పనికి వెలుతురే ప్రాణం. కిటికీ పక్క చోటు దొరికినవాళ్ళ చేతి పని తీరే వేరు. ఎవరైనా వారం రోజులు రాకపోతే ఆ చోటు మేస్త్రీ ఇంకొకరికి ఇచ్చేసేవాడు. అందుకని వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. జ్వరం వచ్చినా, పురుడొచ్చినా, తనకు బదులు చెల్లెలినో ఆడబిడ్డనో పంపేవారు. వచ్చినామె అసలు మనిషి పేరే చెప్పుకుని, అదే పీట మీద కూర్చునేది. నేను అసలు మనిషి పేరుకే టిక్కు పెట్టేవాణ్ణి. తప్పని తెలుసు. తెలిసీ పెట్టేవాణ్ణి, నా కంటే ముందున్న టైమ్‌కీపరు కూడా పెట్టేవాడు.

జూన్‌లో ఎస్తేరమ్మ భర్తకు కాలు ఆపరేషన్. బండి మీద నుంచి పడి విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. నెల్లూరు మిషన్ ఆస్పత్రిలో మళ్ళీ సరిచెయ్యాలన్నారు. వండిపెట్టి చూసుకోవడానికి ఇంటి మనిషి ఉండి తీరాలి. ఎస్తేరమ్మ పేరున ముందటి ఏడు రెండు వందల అరవై టిక్కులున్నాయి. పదమూడు రోజుల సెలవు వస్తుందని నేనే చెప్పి, లీవ్ బుక్‌లో వేలిముద్ర వేయించి, సోమవారం నుంచి పంపించాను.

సోమవారం ఉదయం గేటు దగ్గరికి ఆమె ఆడబిడ్డ మరియమ్మ వచ్చి, "ఎస్తేరమ్మ" అంది. నా చెయ్యి దానంతట అదే టిక్కు పెట్టేసింది. ఆ బుర్రతక్కువ పనికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఒకే మనిషి ఒక పుస్తకంలో సెలవులో ఉంది, ఇంకో పుస్తకంలో పనిలో ఉంది.

బుధవారం ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. సెలవిచ్చినట్టు వేలిముద్రలు తీసుకుని పని చేయించుకుంటున్నామని ఆయన అనుమానం. మేనేజరు ముందుకొచ్చి, "ఈ ఆడవాళ్ళే మోసం చేశారు సార్, ఆమె పేరు ఇప్పుడే కొట్టేస్తాను" అన్నాడు.

మరియమ్మ లేచి నిలబడింది. "మా వదిన మోసం చేయలేదయ్యా. మా అన్నను చూసుకోను ఆస్పత్రిలో ఉండాది. నేను కూర్చోకపోతే ఈ చోటు పోతాది. నిరుడు ఆమెకు పురుడొచ్చినప్పుడు గూడా నేనే కూర్చున్నాను. టైమయ్యకు తెలుసు."

అందరూ నా వైపు చూశారు. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పురిటి రోజుల్లో మరియమ్మ చేసినవి నలభై ఆరు రోజులు. అవి తీసేస్తే ఎస్తేరమ్మకు మిగిలేవి రెండు వందల పద్నాలుగే, రెండు వందల నలభైకి తక్కువ. నిజం చెబితే భర్త మంచం పక్కనున్న మనిషికి సెలవే లేకుండా పోతుంది. నాకేమీ తెలియదని అబద్ధం చెబితే, మోసమని ఆమె పేరే కొట్టేస్తారు. చివరికి నిజమే చెప్పాను. ధైర్యంతో కాదు, మరియమ్మ ముఖం చూసి సిగ్గేసి.

ఇన్‌స్పెక్టరు కాసేపు కాగితం మీద లెక్క వేసుకున్నాడు. "పురిటి సెలవు పన్నెండు వారాల దాకా పనిచేసిన రోజుల కిందే లెక్క. రెండు వందల నలభై దాటినట్టే. కాకపోతే ఆ రోజుల మీద సెలవు పెరగదు. రెండు వందల పద్నాలుగుకు, సగానికి మించిన ముక్కను పూర్తి రోజుగా కలిపి, పదకొండు రోజులు" అన్నాడు.

"ఆమె అప్పుడు సెలవు చీటీ రాయలేదు సార్" అన్నాడు మేనేజరు.

"బిడ్డ పుట్టింది కదయ్యా, ఇంకా చీటీ ఎందుకు?"

అంతటితో ఆగలేదు. మరియమ్మను సొంత పేరుతో పనిలో రాయించి, వేరే వరసలో కూర్చోబెట్టించాడు. ఎస్తేరమ్మ పీట ఆమె వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మేస్త్రీకి చెప్పి వెళ్ళాడు. మేనేజరు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

రెండు రోజులు తగ్గిన సంగతి ఎస్తేరమ్మకు చెప్పాలి. ఆదివారం రైలెక్కి నెల్లూరు వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో చంకలో బిడ్డతో గంజి వారుస్తోంది. జరిగిందంతా చెప్పి, ఆదివారం లెక్కలోకి రాదు గనుక శనివారానికి పనిలో ఉండాలన్నాను. రెండు రోజులు పోయినందుకు ఆమె బాధపడలేదు.

"మరియమ్మ వేరే చోట కూర్చుంటే, నా పీట మీద ఎవురున్నారు?"

"ఎవురూ లేరు. ఖాళీగా ఉంది."

"ఖాళీగానా!" అని గంజి గిన్నె కింద పెట్టేసింది. "ఖాళీగా వదిలిపెడతారా ఎవురైనా? కొంప మునిగింది టైమయ్యా."

ఎంత చెప్పినా వినలేదు. పక్క మంచం వాళ్ళకు భర్తను అప్పగించి, నాతోపాటే సాయంత్రం బండికి వచ్చేసింది. సోమవారం ఉదయం షెడ్డు గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని నిలబడింది. పని నడుస్తోంది, మరియమ్మ అవతలి వరసలో తలవంచుకుని చీలుస్తోంది, కిటికీ పక్క పీట ఖాళీ.

"రేపు గూడా ఇట్టానే ఉంటదా?"

"నువ్వొచ్చిందాకా ఉంటది ఎస్తేరక్కా."

ఇంకాసేపు చూసి, మధ్యాహ్నం బండికి నెల్లూరు వెళ్ళిపోయింది. పదకొండు రోజుల్లో ఒకటి తన చోటు చూసుకోవడానికే పోయింది.

పేపర్లో ఏ దేశంలో ఎన్ని వారాల సెలవో రాస్తే ఇప్పటికీ వదలకుండా చదువుతాను. కానీ తిరిగి వచ్చేసరికి చోటుంటుందన్న నమ్మకం లేనివాళ్ళకు ఎన్ని వారాలిచ్చినా ఇచ్చినట్టు కాదని నాకు నేర్పింది చట్టం కాదు, ఎస్తేరమ్మ. తరువాత ఎవరికి లీవ్ బుక్ ఇచ్చినా, ఆ పీటకు నాది పూచీ అని ముందు చెప్పి, రోజుల లెక్క ఆ తరువాత చెప్పేవాణ్ణి.

మరుసటి ఏడు ఎస్తేరమ్మ మళ్ళీ సెలవు అడిగింది. ఆమెకు రాయడం రాదు, చీటీ నేనే రాయాలి. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, పెళ్ళి లేదు, పురుడు లేదు. కారణం ఏమని రాయమంటావని అడిగాను.

కాస్త సిగ్గుపడి, "ఊరికేనయ్యా" అంది.

అదే రాశాను.