వడ్లకు అవతల అవ్వ

ఫ్లూ జ్వరం నా నుంచి ఇంట్లోవాళ్లకు అంటుతుందని గదిలో విడిగా ఉంటున్నాను. వావిలాకు ఆవిరి పడుతుంటే, ఆ ఘాటుకు బుచ్చిరెడ్డిపాలెంలోని మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వకు ముందుపళ్లు లేవు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఓ కోతల కాలంలో ఊరంతా ఇలాంటి జ్వరాలే. అవ్వకూ వచ్చింది. తనే చాప, చెంబు తీసుకుని వడ్ల కొట్టు పంచలోకి మారిపోయింది. ఇంటికీ పంచకూ మధ్య వాకిలంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి.

"వడ్లు దాటి రాబాక పాపా, ఆడనే ఉండు" అంది.

వడ్లు తొక్కుతానని భయపడుతోంది అనుకున్నాను. ఇవతలే కూర్చుని కోతిలా మొహం పెట్టాను. అవ్వ కొంగు నోటికి నొక్కుకుంది. భుజాలు అదిరిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నవ్వొస్తా ఉందా అవ్వా?" అని అరిచాను.

అవ్వ తలూపింది. నేను సంబరపడి ఇంకా ఇంకా మొహాలు పెట్టాను.

ఆ వడ్లు గాదెలో పోసేలోగా అవ్వ పోయింది. ఇంట్లో ఇంకెవరికీ జ్వరం రాలేదు.

ఇందాక దగ్గు తెర వచ్చి చున్నీ నోటికి నొక్కుకున్నాను. కిటికీ అవతల నా కూతురు పకపకా నవ్వింది.

"నవ్వొస్తోందా అమ్మా?"

తలూపాను.