ఇత్తడి బిళ్ళ

జపాన్ ఉత్తరాన హొక్కైడోలో మూతపడ్డ బొగ్గుగని ఊరికి ముసలి మిత్సుయో మంచు లేని రోజుల్లో తప్పకుండా వస్తుంది. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా నడుముకి గంట, చేతిలో అన్నం ముద్దల పొట్లం. గనివాళ్ళు దిగేముందు దీపాలు తీసుకునే గది ఇప్పుడు కూలిపోయింది; దాని గోడ సందులో ఆమె దాచిన డబ్బా ఉంది. ఫోనులో గుర్తు చూసుకుంటూ వెతికి పట్టుకున్నవాళ్ళు అందులోంచి ఒక వస్తువు తీసుకుని, తమది ఒకటి పెట్టి వెళ్ళాలి. అదీ ఆట. ఆమె డబ్బా తడి తుడిచి, బొమ్మలు సర్ది, ఒక ఇత్తడి బిళ్ళను అన్నిటికంటే పైన పెడుతుంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. మొన్న వచ్చిన కానా అనే అమ్మాయి కూడా మిత్సుయో ఎదుటే బిళ్ళను భక్తిగా పక్కనపెట్టి తాబేలు బొమ్మ తీసుకుంది.

"తాబేలెందుకే నీకు? బిళ్ళ పట్టుకుపో!"

"అయ్యో బామ్మా, ఎవరిదో ముఖ్యమైనదిలా ఉంది. తియ్యడం మర్యాద కాదు."

"తగలెయ్య మీ మర్యాద! అది మా అన్నయ్యది. గనిలోకి దిగేటప్పుడు బిళ్ళ ఇక్కడ తగిలించి, పైకొచ్చాక తీసుకునేవాళ్ళు. బిళ్ళ ఇక్కడుంటే మనిషింకా లోపలున్నట్టే."

"మరి మీరే తీసుకెళ్ళొచ్చుగా?"

"నాతో వస్తే మళ్ళీ ఈ కొండలేగా! సముద్రం చూడాలనేవాడు. మీదే ఊరు?"

"సముద్రం ఒడ్డునే, బామ్మా."

కానా తాబేలును తిరిగి పెట్టేసి, బిళ్ళను కోటు లోపలి జేబులో వేసుకుంది. మిత్సుయో మూత బిగించి, ఆ జేబువైపు కాస్త వంగి గట్టిగా చెప్పింది.

"బస్సులో కిటికీ పక్కన కూర్చో, అన్నయ్యా!"