చక్రవర్తిగారి దాహం

అల్లుడుగారికి ఈ లోకంలో ఒకటే దిగులు, పిల్లికి ఏదో అయిపోతోందని. ఆ పిల్లికా, అవ్వడానికి ఏమీ అవ్వదు. మూడు పూటలా మెక్కుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది, మెత్తటి కుర్చీ చూసుకుని పడి గుర్రు పెడుతుంది. అయినా సరే, అది తుమ్మితే జలుబంటారు. తుమ్మకపోతే, "తుమ్ము లోపలే ఆగిపోయినట్టుంది" అంటారు. ఇలాంటి మనిషితో వేగడమెలా?

పిల్లి పేరు చక్రవర్తి. మగపిల్లి, బూడిదరంగు, పొట్ట నేలకి రాసుకుంటూ నడుస్తాడు. ఆ ఇంట్లో రాజ్యం వాడిది, మంత్రిత్వం అల్లుడుగారిది. అత్తగారు తన కుట్టుదుకాణం కట్టేసి, కుట్టుమిషన్ ఒక్కటీ వెంటబెట్టుకుని కూతురింటికి వచ్చిన రోజునే ఈ సంగతి తెలుసుకుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే ప్రయాణం బాగా జరిగిందా అని ఎవరైనా అడుగుతారు. అల్లుడుగారు అడిగింది, "అత్తయ్యా, మీ సంచిలో ఉల్లిపాయలు గానీ ఉన్నాయా? అవి పిల్లులకి విషం" అని.

ఆయన గడియారాలు బాగుచేస్తారు. వీధి వైపు గది దుకాణం, వెనక ఇల్లు. కంటికి తగిలించుకునే బుల్లి భూతద్దం ఒకటుంది. దాంతో గడియారాల్ని ఎంతసేపు చూస్తారో, చక్రవర్తిని అంతకు రెట్టింపు చూస్తారు. చెవుల్లో నలుపు చేరిందా, బొచ్చులో గోమార్లున్నాయా, కళ్లల్లో పుసి ఉందా. చిగురు మీద వేలితో నొక్కి, తెల్లబడ్డచోట మళ్లీ గులాబీరంగు ఎంత త్వరగా వస్తుందో చూస్తారు. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమండీ, మా వాచీ ఏమైంది?"

"దానికేం, నిక్షేపంలా ఉంది, ఆగిపోయిందంతే. ముందు వీడి గోళ్లు చూడనివ్వండి."

"నేను ఆఫీసుకి వెళ్లాలండీ!"

"ఏ యంత్రమైనా ఆగేముందు చెప్పే ఆగుతుంది సార్. వినేవాడుండాలి, అంతే" అన్నారు అల్లుడుగారు, చక్రవర్తి పంజా వెలుతురుకి తిప్పుతూ. ఆ మాట ఆయన నోట రోజుకోసారైనా వస్తుంది.

రోజూ పొద్దున్నే వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, పిల్లుల పేస్టు రాసి, చక్రవర్తికి పళ్లు తోముతారు. వాడు కొరుకుతాడు, ఈయన మెచ్చుకుంటారు, "చూశారా అత్తయ్యా, కొరుకులో ఎంత బలముందో!" అని. తన పళ్ల మాట మాత్రం అడక్కండి. ఎడమ దవడతో నమలడం ఎప్పుడో మానేశారు. చల్లనీళ్లు తగిలితే ఒక కన్ను మూసుకుంటారు. "పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి మహాప్రభో" అని భార్య బతిమాలితే, "నా పన్నుకేం తొందర? వీడి చిగురు ఎర్రబడింది చూశావా?" అని మాట మార్చేస్తారు.

ఇంక నీళ్ల సంగతి. పిల్లులు తిండి పక్కన పెట్టిన నీళ్లు తాగవట. అందుకని ప్రతి గదిలోనూ ఒక నీళ్లగిన్నె. కుర్చీ పక్కన ఒకటి, కిటికీ కింద ఒకటి, తలుపు వెనక ఒకటి. అత్తగారి కాలు రోజూ ఏదో ఒక గిన్నెలో పడేది.

"అయ్యో, తడిసిందా?" అని పరిగెత్తుకొచ్చేవారు అల్లుడుగారు.

"పర్లేదులెండి అల్లుడుగారూ, పాదమేగా."

"పాదం కాదత్తయ్యా, నీళ్లు. మళ్లీ మంచివి పొయ్యాలి."

భోజనాల బల్ల దగ్గర ఎంత పెద్ద చుట్టమున్నా సరే, ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా, "చక్రవర్తి ఒంటేలు పోశాడా?" అనేవారు. మగపిల్లికి ఒంటేలు బిగిస్తే పూట కూడా ఆగకూడదట, ఉన్నపళాన డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలట. పోశాడని తెలిశాకే ఆయనకి ముద్ద దిగేది. పక్కింటావిడ ముచ్చటపడి పెద్ద రేకుల లిల్లీపూలు తెచ్చిస్తే, ఆవిడ చూస్తుండగానే బయటికి పట్టుకుపోయి చెత్తడబ్బాలో కుక్కి, చేతులు కడుక్కుని వచ్చి, "పుప్పొడి నాకినా చాలండీ, కిడ్నీలు పోతాయి" అన్నారు. "ఎవరికి, నాకా?" అని ఆవిడ బెదిరిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ పూలూ తేలేదు, పలకరింపూ తేలేదు.

ఈ గోలంతా చూస్తూ అత్తగారు లోలోపల ఒకందుకు సంతోషించేది. ఈయన కళ్లు పిల్లి మీదే ఉన్నాయి, నా మీద లేవు, బతికిపోయాను అని.

ఎందుకంటే ఆవిడ చిక్కిపోతోంది. దర్జీపని చేసిన మనిషి, ఒళ్లెంత తగ్గిందో జాకెట్టే చెప్పేస్తుంది. వదులైన జాకెట్లన్నీ తలుపు గడియ పెట్టుకుని లోపలికి కుట్లు వేసి బిగించుకునేది. కొన్నాళ్లకి అవీ వదులయ్యేవి, మళ్లీ బిగించుకునేది. దాహమా, తీరేది కాదు. కూజా నింపుకుంటే పూటకి రాదు. ఇంత జరుగుతున్నా డాక్టర్ మాట తలచుకుంటేనే ఆవిడ గుండె గుభేలుమనేది. వాళ్లక్క ఒకప్పుడు "ఊరికే చూపించుకుని వస్తానే" అని ఆసుపత్రికి వెళ్లింది, మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచీ, తెలిస్తేనే జబ్బు, తెలియకపోతే ఏమీ లేదు అని ఆవిడ గట్టిగా నమ్మేసింది. కూతురు ఒకసారి, "ఏంటమ్మా ఇలా చిక్కావు? డాక్టర్‌కి చూపిద్దాం పద" అన్నందుకు, "నా ఒంటి జోలికి రాకు" అని కసిరి, వారంపాటు మాట్లాడ్డం మానేసింది. కూతురు మళ్లీ ఆ ఊసెత్తలేదు. అల్లుడైతే అసలు అడగలేడు. అత్తగారిని పట్టుకుని, ఎందుకు చిక్కారు, ఎన్నిసార్లు లేస్తున్నారు అని ఏ అల్లుడు అడుగుతాడు?

ఒకరోజు అల్లుడుగారు ఆవిడ గదిలోకి వచ్చి, కూజా మూత తీసి లోపలికి అనుమానంగా చూశారు.

"అత్తయ్యా, ఈ కూజా పొద్దున్నేగా నింపాం?"

అత్తగారు కూజాకి అడ్డంగా జరిగింది. "అవును… ఏం?"

"అడుగంటింది. చక్రవర్తి తాగేస్తున్నాడేమో?"

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆవిడకి. "అవునవును, వాడే! ఒకటే తాగడం. నేను కళ్లారా చూశాను."

"కళ్లారా చూశారా?"

"చూశాను. తల లోపల పెట్టి, గటగటా."

"అయ్యయ్యో" అన్నారు అల్లుడుగారు, ముఖం మాడ్చుకుని. "పిల్లి దాహం మంచిది కాదత్తయ్యా." కిటికీలో పడుకున్న చక్రవర్తి ఒక కన్ను తెరిచి, తన మీద పడ్డ నిందని పట్టించుకోకుండా మళ్లీ మూసేశాడు.

అప్పట్నుంచీ ఆదివారం తూకాలు మొదలయ్యాయి. పిల్లిని ఒక్కదాన్నే బరువు చూసే మిషన్ మీద పెడితే నిలబడదు. కాబట్టి ఎవరైనా ఎత్తుకుని ఎక్కాలి, తర్వాత వాళ్లొక్కరే ఎక్కాలి, దాన్లోంచి ఇది తీసేస్తే పిల్లి బరువు. ఆ ఎత్తుకునేది అత్తగారే కావాలట.

"మా అమ్మాయి ఎత్తుకోవచ్చుగా?"

"దాని చేతుల్లో తన్నుకుంటాడు. మీ దగ్గరైతే పాపాయిలా ఉంటాడు. పైగా మీరు దర్జీలు, బిగుతుగా పట్టుకోవడం మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?"

పొగడ్తకి పడిపోయి ఆవిడ ఎక్కేది. అంకె చూడాలంటే మాత్రం భయం. అందుకని కళ్లు గట్టిగా మూసుకునేది. అల్లుడుగారు మోకాళ్ల మీద కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని చదివేవారు. ఆ మిషన్‌ని ఆయనే విప్పి, ముల్లు సరిచేసి, మళ్లీ బిగించారు. తప్పు చెప్పే సమస్యే లేదు. ప్రతి ఆదివారం ఒకటే మాట, "తగ్గాడత్తయ్యా. మళ్లీ తగ్గాడు."

అత్తగారు చేతుల్లో ఉన్నవాడిని చూసుకునేది. చేతులు లాగేస్తున్నాయి, వీడెక్కడ తగ్గాడు? అయినా గడియారాల మనిషి, ఆయనకి తెలియదా అనుకునేది. మెల్లగా ఆ దిగులు ఆవిడకీ అంటుకుంది. వాడు పడుకుంటే పొట్ట కదులుతోందా లేదా అని చూసేది. తన అబద్ధమే వాడికి తగిలిందేమోనని కుట్టుమిషన్ ముందు కూర్చుని బెంగపడేది. చివరికి ఒక ఆదివారం అల్లుడుగారు మిషన్ ముందునుంచి చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంక ఆగకూడదు. రేపే డాక్టర్ దగ్గరికి. మీరూ రావాలత్తయ్యా, మీ ఒళ్లో ఉంటేనే వాడు ఊరుకుంటాడు."

చక్రవర్తి బుట్ట ఎప్పుడూ హాల్లోనే తెరిచి ఉంటుంది. డాక్టర్ రోజునే బయటికి తీస్తే పిల్లి దాన్ని చూసి పారిపోతుందని అల్లుడుగారి జాగ్రత్త. వాడు దాన్ని పడకగదే అనుకుని తనంతట తనే ఎక్కి కూర్చున్నాడు. అత్తగారు దాని మీద తువ్వాలు కప్పి, దారిపొడుగునా ఒళ్లో పెట్టుకుని, "ఏం కాదురా నాన్నా, ఏం కాదు" అంటూనే ఉంది. వాడికి చెబుతోందో తనకి చెప్పుకుంటోందో ఆవిడకే తెలియలేదు.

పశువుల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాట గట్టిది. "ఏమిటి బాధ?"

"దాహం ఎక్కువైంది డాక్టరుగారూ. బరువు తగ్గుతోంది. ఇంట్లో మిషన్ మీద వారం వారం చూస్తున్నాను" అన్నారు అల్లుడుగారు. ఎవరి దాహమో, ఎవరి బరువో చెప్పలేదు. అది అత్తగారికి తర్వాత గుర్తొచ్చింది.

"దాహం పెరిగి ఒళ్లు తగ్గుతుంటే తేలిగ్గా తీసుకోకూడదండీ. షుగరు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, కిడ్నీలు కావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే మందులతో చాలా ఏళ్లు హాయిగా ఉండొచ్చు. పిల్లులతో చిక్కేమిటంటే, జబ్బు చేసినా చెప్పవు. దాచుకుంటాయి. మనం కనిపెట్టేసరికి ఆలస్యమైపోతుంది" అని ఆవిడ సూది తీసింది. "రక్తం తీయాలి. మెడ దగ్గర కాస్త బొచ్చు గీకుతాను. గట్టిగా పట్టుకోండమ్మా."

చక్రవర్తి తల అత్తగారి మోచేతి కిందకి దూర్చేశాడు. వాడి గుండె ఆవిడ అరచేతికి టకటకా తగులుతోంది. సూది దగ్గరికొచ్చింది.

"ఆగండి!" అని అరిచింది అత్తగారు. "వాణ్ని గుచ్చకండి. నీళ్లు తాగింది వాడు కాదు."

"మరి?"

"నేను." "కూజాలన్నీ నేనే తాగాను. వాడి మీద పెట్టి చెప్పాను. పాపం, నోరులేని జీవం."

డాక్టరమ్మ సూది పక్కన పెట్టి, చక్రవర్తిని అందుకుని, గోడలెత్తుగా ఉన్న తన తూకం తొట్టిలో కూర్చోబెట్టింది. పాత తూకం కంప్యూటర్లో చూసింది. "తగ్గడమేమిటండీ, బాగా పెరిగాడు! వీడికి మీరు తిండి తగ్గించాలి. ఇంట్లో మిషన్ మీద మరి తగ్గిందెవరు?"

ఆ మిషన్ ఎక్కింది ఇద్దరే. ఒకడు పెరిగాడు. అత్తగారు మెల్లగా అల్లుడి వైపు తిరిగింది. ఆయన ఏమీ ఎరగనట్టు గోడ గడియారం వైపు చూస్తూ, "ఇది కాస్త వెనకబడి నడుస్తోంది డాక్టరుగారూ" అంటున్నారు.

"అల్లుడుగారూ, మీకు ముందే తెలుసా?"

ఆయన గడియారం మీంచి చూపు తిప్పకుండానే, "మూతున్న కూజాలో పిల్లి తలెలా పెడుతుందత్తయ్యా?" అన్నారు. "మా ఆవిడ అడిగితే వారం మాట్లాడలేదు మీరు. నేనడిగితే ఊరే వదిలేసి వెళ్లిపోతారని భయమేసింది. అందుకని వాణ్ని అడ్డం పెట్టుకున్నాను. డాక్టరు మాట మీ చెవిన పడితే చాలనుకున్నాను. ప్రతి ఆదివారం ఆ ముల్లు చూస్తుంటే నాకు చేతులు చల్లబడిపోయేవి."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందంటారు. మిషన్ మీద కళ్లు మూసుకుని నిలబడ్డది ఎవరో అత్తగారికి ఇప్పుడు అర్థమైంది. కోపం రావాలి, రాలేదు. ఇన్నాళ్లూ ఒక్కర్తినే మోస్తున్నాననుకున్న భయాన్ని అవతలి చివర ఇంకొకరు పట్టుకుని ఉన్నారు. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పదండి, మనుషుల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్దాం. కానీ వాడూ రావాలి" అంది.

"రాకేం! ముందు వాడికి ఏటా వేయించే టీకా ఒకటుంది, అది వేయించేసి వెళ్దాం" అన్నారు అల్లుడుగారు. కాబట్టి చక్రవర్తికి సూది తప్పలేదు.

అత్తగారికి వచ్చింది షుగరు. చూసిన డాక్టర్, మంచి సమయానికి వచ్చారన్నాడు. మాత్రలు, రెండు పూటలా నడక, తిండిలో జాగ్రత్త. ఆవిడ భయపడ్డ ఆసుపత్రి గుమ్మం, లోపలికి వెళ్లిన మనిషిని బయటికి కూడా పంపింది. దాహం తగ్గింది, జాకెట్ల కుట్లు ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది. అయినా ఇంట్లో మాటతీరు మాత్రం మారలేదు.

"అత్తయ్యా, చక్రవర్తి మాత్ర వేసుకున్నాడా?" అని దుకాణంలోంచి కేక.

"వేసుకున్నాడు. నడకకి కూడా వెళ్లొచ్చాడు" అని లోపల్నుంచి జవాబు. తిండి తగ్గించారన్న దుఃఖంతో చక్రవర్తి బల్ల కింద అలిగి పడుకుని ఉంటాడు.

మొన్న ఒక పొద్దున అల్లుడుగారు గుడ్డ చుట్టిన వేలితో వాడి పళ్లు తోముతున్నారు. ఎడమ బుగ్గ ఆయనకి బూరెలా పొంగి ఉంది. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పిల్లి వైపే చూస్తూ అంది.

"అల్లుడుగారూ, చక్రవర్తికి పన్ను నొప్పిగా ఉన్నట్టుంది."

అల్లుడుగారి చెయ్యి ఆగిపోయింది. "ఎవరికి?"

"చక్రవర్తికే. రాత్రి చూశాను, కుడివైపే నములుతున్నాడు. మంచినీళ్లు తాగి ఒక కన్ను మూసుకున్నాడు. కళ్లారా చూశాను."

"అబ్బే, చక్రవర్తికేం లేదత్తయ్యా, వాడు—"

"ఏ యంత్రమైనా ఆగేముందు చెప్పే ఆగుతుందట" అని లేచి, హాల్లోంచి బుట్ట అందుకుంది అత్తగారు. "పళ్ల డాక్టర్‌తో మాట్లాడేశాను. చెప్పులేసుకోండి. భయపడకండి, బుట్ట నేను పట్టుకుంటాను."