గడప బయటి ముగ్గు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పద్మారావు నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. రిపోర్టులో ఏముంటే అదే నిజం అనుకునే మనిషిని. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నవ్వేసి టీకి లేచిపోయేదాన్ని. ఇది చెప్పడానికి ఇన్నాళ్లూ వెనకాడింది భయంతో కాదు, సిగ్గుతో.

రెండేళ్ల క్రితం ఫోన్‌లో ఒక బొమ్మల చాట్ ప్రపంచంలో చేరాను. అందులో మన తరఫున ఒక బొమ్మ తిరుగుతుంది, మనకో గది ఇస్తారు. గోడల రంగు, సోఫా, దీపాలు, కిటికీలో కనిపించే ఆకాశం, అన్నీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. లోపలికి ఎవరు రావచ్చు, సామాను ఎవరు కదపొచ్చు అన్నది కూడా మన చేతిలోనే. సొంతింట్లో కర్టెన్ మార్చాలన్నా నలుగురిని అడగాలి, ఇక్కడ ఆ బాధ లేదు. బూడిదరంగు గోడలు, తెల్ల సోఫా పెట్టి చాలా మురిసిపోయాను. ఆదివారం పొద్దున పదింటికి ఓ పదిహేను మంది నా గదికి వచ్చేవాళ్లు. మైకులో మాట్లాడుకునేవాళ్లం, కొందరు టైప్ చేసేవాళ్లు. వాళ్లలో నాకు బయట తెలిసింది తిరుమలగిరిలో ఉండే సునీత ఒక్కతే.

చిలకలగూడలో మా చిన్నమ్మ ఉండేది, అమ్మకు సొంత చెల్లెలు. డిగ్రీ మూడేళ్లూ ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక, వాకిట్లో ముగ్గు వేయలేకపోతున్నానని ఆమె బాధ. కోడలు అరుణ వదిన ఉద్యోగం హడావిడిలో గుమ్మం ముందు పెయింటు ముగ్గు వేయించేసింది. చిన్నమ్మకు అది ముగ్గులా కనిపించేది కాదు. అందుకని నేనే వాళ్లింట్లో ఉన్న ట్యాబ్‌లో ఆమెకో బొమ్మ తయారుచేసి, నా గదిలో సామాను పెట్టే అనుమతి ఇచ్చాను.

అందులో ముగ్గుపిండి దొరకదు. తోట సామానులో తెల్ల గులకరాళ్లు ఉన్నాయి. చిన్నమ్మ ఒక్కో రాయిని వేలితో జరుపుతూ ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క పెట్టింది. మొత్తం ముప్ఫై ఏడు రాళ్లు. చెయ్యి వణకడం వల్ల కుడివైపు చివరి చుక్క ఎప్పుడూ కాస్త కిందికి జారేది. రోజూ పదింటికి పాతది తీసి కొత్తగా పెట్టేది.

“గడప లోపల ముగ్గేందే బిడ్డా? బయట వెయ్యాలె గద,” అని ఒకటే గోల. బయటి వరండా అందరిదీ, అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేరని చెప్పాను.

“గట్లనా, సరే తియ్,” అని ఊరుకుంది.

ఆదివారాలు కూడా వచ్చేది. మారు పేర్లతో వచ్చినవాళ్లను మైకులో పట్టుకుని “తిన్నవా బిడ్డా? మీదే ఊరు? పిల్లలెంతమంది?” అని వరసపెట్టి అడిగేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఎవరో నవ్వు బొమ్మలు పెట్టి, ఈ అమ్మమ్మ ఎవరని టైప్ చేశారు. నాకు తెలీదు, దారి తప్పి వచ్చినట్టుందని ఇంగ్లీషులో జవాబు రాశాను. చిన్నమ్మకు ఇంగ్లీషు రాదన్న ధైర్యంతోనే రాశాను. అప్పుడామె సునీతను ఏం కూర వండావని అడుగుతోంది.

ఆ సాయంత్రమే సెట్టింగ్స్ తెరిచి, లోపలికి రానివ్వకూడని వాళ్ల జాబితాలో చిన్నమ్మను చేర్చాను. ముగ్గు తీసేసి ఆ చోట కార్పెట్ పరిచాను. ఫోన్ చేసి గదికి రిపేరు నడుస్తోందని చెప్పాను. ఓ వారం పాటు “అయిందా బిడ్డా రిపేరు?” అని అడిగింది. తర్వాత మానేసింది. హమ్మయ్య, మర్చిపోయింది అనుకున్నాను.

మూడు నెలలకు చిన్నమ్మ జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో చనిపోయింది.

దినాలు జరిగినన్నాళ్లూ నేను యాప్ తెరవలేదు. పదకొండో రోజు అయిన మర్నాడు ఆదివారం, పదింటికి తెరిచాను. సునీత బొమ్మ లోపలికి రాకుండా తలుపు బయటే నిలబడి ఉంది.

“ముగ్గు మస్తుంది సరితా! బయట ఎట్ల పెట్టినవ్? మాకెవ్వరికి రాదు గద?” అంది.

నా బొమ్మను బయటికి నడిపించాను. గడప అవతల తెల్ల గులకరాళ్లు ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, ముప్ఫై ఏడు. కుడివైపు చివరిది కిందికి జారి ఉంది.

ఫొటో తీసి యాప్ వాళ్లకు పంపాను. వరండాలో వస్తువులు పెట్టడం కుదరదనీ, తమ రికార్డులో అక్కడ ఏమీ లేదనీ రాశారు. ట్యాబ్ వాళ్లింట్లోనే ఉంది కాబట్టి ఇది అరుణ వదిన పనే అనుకుని, కాస్త కోపంగానే చిలకలగూడ వెళ్లాను. ట్యాబ్ బీరువాలో బట్టల కింద ఉంది. చార్జింగ్ పెట్టిన అరగంటకు గానీ వెలగలేదు. దాన్ని చివరిసారి వాడింది చిన్నమ్మకు జ్వరం వచ్చిన రోజు.

“అత్తమ్మ రోజు పదింటికి దీన్నే తెరుస్తుండె,” అంది వదిన. “తెర మీద ఇంగ్లీషుల ఏందో వస్తుండె. ఒకరోజు నాతోని చదివిచ్చుకుంది. ఈ గది ఓనరు నిన్ను రానిస్తలేరని ఉందత్తమ్మా అని చెప్పిన. ఎవరిదా గది అంటే, ‘ఎవలిదో ఏమో, పనుంటది తియ్ వాళ్లకు’ అన్నది. అయినా రోజు తెరిచి ఆ తలుపు దిక్కు జెరసేపు చూసి బంద్ చేస్తుండె. ఎవరు సరితా ఆ ఓనరు? నీకెర్కనా?”

“తెలీదు వదినా,” అన్నాను.

అంత సిగ్గు నా జన్మలో పడలేదు. చిన్నమ్మకు అంతా తెలుసు, తెలిసీ నా పేరు బయటపెట్టలేదు. నేను మాత్రం ఆమె ఇంట్లో నిలబడి మళ్లీ అబద్ధమాడాను.

ఇంటికొచ్చి జాబితాలోంచి ఆమె పేరు తీసేశాను. కార్పెట్ తీసేసి, గడప లోపల ఆ చోటు ఖాళీగా ఉంచాను. మరుసటి ఆదివారం మైకులో అందరికీ ఆమె మా చిన్నమ్మ అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వదినకు మాత్రం ఇంకా చెప్పలేదు, ఇది చదివే తెలుసుకుంటుంది.

కంప్యూటర్లు తెలిసినవాళ్లు ఏదో సాఫ్ట్‌వేర్ లోపం అన్నారు. కావచ్చు. చివరి చుక్క కిందికి జారాలని ఆ లోపానికి ఎవరు చెప్పారో నాకు అంతుపట్టలేదు.

నాలుగు నెలలైంది. నా గది తలుపు ఎవరైనా రావచ్చు అన్న సెట్టింగ్‌లోనే ఉంది. ఆదివారం అందరికంటే ముందే వెళ్లి, లోపలికి రా చిన్నమ్మా అని మైకులో పిలుస్తాను. ఆ ముగ్గులోంచి ఒక్క చుక్క కూడా ఇంతవరకు గడప దాటి లోపలికి రాలేదు.